డబ్బాకు నైవేద్యం

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. మా అమ్మ దీన్ని జబ్బు అనేది. నేను గుణం అంటాను. పార్థసారథి అనే మనిషి నా తమ్ముడి చేతిని మగ్గానికి అప్పగించి, పైగా వాడే తాగి ఉన్నాడని చెప్పిన రోజు నుంచి ఆ గుణమే నన్ను నడిపించింది.

అప్పుడు మేము సూరత్‌లో, ఉధ్నా స్టేషన్ వెనక ఒక గదిలో అద్దెకు ఉండేవాళ్ళం. నేను, నా తమ్ముడు నరహరి. సిరిసిల్లలో అమ్మానాన్నా పోయాక వాణ్ణి పెంచింది నేనే. కట్టుకున్నవాడు నన్ను వదిలేసి తన దారిన తాను పోయాక వాడికి నేను, నాకు వాడు. జోల్వాలోని ఒక మరమగ్గాల షెడ్డులో ఇద్దరికీ పని దొరికింది. వాడు జాబర్, అంటే మగ్గం చెడితే బాగుచేసేవాడు. నేను పదో తరగతి గట్టెక్కినదాన్ని కనుక నా మెడలో ఒక డబ్బా వేలాడదీశారు.

ఆ డబ్బా నల్లగా, చేతికి నిండుగా ఉండేది. అంకెల మీటలు, నాలుగు వేళ్ళంత తెర, మెడకు వేసుకోవడానికి ఒక పట్టీ. మగ్గాల మధ్య తిరుగుతూ ఏ మగ్గం ఆగింది, ఎందుకు ఆగింది, మళ్ళీ ఎవరు నడిపించారు అన్నది అందులో నొక్కడం నా పని. టైము అదే వేసుకునేది. ఒకసారి ఎక్కినదాన్ని మార్చడానికి వీల్లేదు. షిఫ్టు అయ్యాక ఆఫీసులో కంప్యూటరు పక్కనున్న గూట్లో పెడితే లోపలున్నదంతా కంప్యూటరులోకి పోయి డబ్బా ఖాళీ అయ్యేది.

దానికొక బలహీనత ఉంది. దాని జ్ఞాపకమంతా రెండు పెన్సిల్ సెల్లుల మీద బతుకుతుంది. సెల్లు చచ్చిపోతే ఎక్కినదంతా పోతుంది. పాతవి తీసి కొత్తవి వేసేంతసేపు నిలబెట్టడానికి లోపల చొక్కా గుండీలాంటి చిన్న సెల్లు ఇంకొకటి ఉంటుంది. మా డబ్బాలో అది ముసలిదైపోయింది. కొత్తది తెప్పించండి సార్ అంటే, పార్థసారథి తలెత్తకుండానే "చేతులు త్వరగా కదపడం నేర్చుకో స్వరాజ్యం" అన్నాడు.

ఆయన మా మేనేజరు. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు. గుజరాతీ శేఠ్ దగ్గర తెలుగు మేనేజరు చేరాడని తెలిసినప్పుడు మా వాళ్ళంతా సంబరపడ్డారు. మనవాడు వచ్చాడు, మన కష్టం చెప్పుకోవచ్చు అని. నెల తిరక్కుండానే ఆ సంబరం దిగిపోయింది. శేఠ్ తిడితే గుజరాతీలో సగం అర్థం కాక సగం బాధే ఉండేది. ఈయన తిడితే మొత్తం అర్థమయ్యేది.

డబ్బాలు తెప్పించింది ఆయనే. "మనుషులు అబద్ధాలాడతారు, మెషీన్ ఆడదు" అని రోజుకొకసారి అనేవాడు, సుప్రభాతం చదివినట్టు. మరమ్మతు కోసం ఆపిన మగ్గాన్ని మళ్ళీ నడపాలంటే, నడపమన్నవాళ్ళు తమ నంబరు డబ్బాలో నొక్కాలి, ఆ తర్వాతే పచ్చ మీట నొక్కాలి అని రూలు పెట్టిందీ ఆయనే. అందరికీ నంబర్లు ఇచ్చాడు. తనకు ఒకటో నంబరు పెట్టుకున్నాడు. ఇంకేది పెట్టుకుంటాడు?

తొంభై ఏడులో, సద్దుల బతుకమ్మ రోజు. ఆడవాళ్ళం పూలు తెచ్చుకోవాలని పెందలాడే పోవడానికి తొందర పడుతున్నాం. పద్నాలుగో మగ్గం పొద్దుటి నుంచి మొరాయిస్తోంది. నరహరి దాని వెనక్కి దూరి కుడిచెయ్యి లోపల పెట్టి ఏదో బిగిస్తున్నాడు. ఎగుమతి సరుకు ఆలస్యమవుతోందని పార్థసారథి చిటపటలాడుతూ వచ్చాడు.

"ఇంకా ఎంతసేపు? స్టార్ట్ అని కొట్టు" అన్నాడు నాతో.

"సార్, తమ్ముడు ఇంక లోపట్నే ఉన్నడు."

"అయిపోయిందమ్మా, నేను చూశాను. ఇటివ్వు."

పట్టీ నా మెడలో ఉండగానే డబ్బాను గుంజాడు. దానితోపాటు నా తల కూడా ఆయన ఛాతీ దాకా వంగింది. ఆ వంగిన చోటు నుంచే చూశాను, ఆయన వేలు మొదట మగ్గం నంబరు, తర్వాత ఒకటి నొక్కడం. తన రూలు తానే తప్పితే ఎలా మరి. తర్వాత రెండడుగులు వేసి పచ్చ మీట నొక్కాడు.

నరహరి అరవలేదు. "అక్కా" అన్నాడు, అన్నానికి పిలిచినట్టు. నేను పరుగెత్తి ఎర్ర మీట కొట్టేసరికి బొటనవేలు తప్ప మిగిలినవన్నీ పోయాయి.

ఆసుపత్రిలో నేను గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు గానీ చూసుకోలేదు, డబ్బా ఇంకా నా మెడలోనే ఉంది. సాయంత్రం పార్థసారథి ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. తమ్ముడి మంచం పక్కన నిలబడి హిందీలో చెప్పాడు. వీడు నషాలో ఉన్నాడు, ఎవరూ చెప్పకుండా తనే మగ్గం నడిపించుకున్నాడు, షెడ్డులో అందరికీ తెలుసు అని. గుజరాత్‌లో తాగడమే నేరం. తాగి ఉన్నాడన్న మాట చాలు, ఆసుపత్రి మంచం నుంచి నేరుగా లాకప్‌కు పోవడానికి. రక్తం తీసుకుపోయారు. ఆ రిపోర్టు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. కానిస్టేబుల్ స్టూలు తెచ్చుకుని మంచం పక్కనే కూర్చున్నాడు.

మా నాన్న కల్లు దుకాణం నుంచే కాటికి పోయినవాడు. నాన్న శవం దగ్గర, మీసాలు కూడా రాని వయసులో, మార్కండేయ స్వామి మీద ఒట్టేసి చుక్క ముట్టనన్నాడు నరహరి. ఆ ఒట్టు వాడు తప్పలేదు. చెయ్యి పోయినందుకు నేను ఏడ్చాను. ఈ మాట విన్నాక ఏడుపు ఆగిపోయింది. ఆ నోటితోనే, ఆ మనిషి చేతే, పది మందిలో నిజం కక్కించాలి అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు.

పార్థసారథి నన్ను వరండాలోకి పిలిచి తెలుగులోకి మారాడు. గొంతు మెత్తబడింది.

"డబ్బా ఏది అమ్మా? ఆఫీసు వస్తువు కదా."

అది నా కొంగు కింద ఉంది. "గదిల పెట్టొచ్చిన సార్. రేపు పూజకు తెస్త."

"పొద్దున్నే నా చేతికే ఇవ్వాలి. లేకపోతే దొంగతనం కేసు అవుతుంది. ఇప్పటికే మీ ఇంట్లో ఒక కేసు ఉంది."

నాకు తెలిసిందే ఆయనకూ తెలుసు. ఆఫీసు కంప్యూటరు మూడు రోజులుగా పాడై ఉంది. అందులోకి ఏమీ పోలేదు. దసరా నాడు పని మొదలైతే శుభమని శేఠ్ ఆ రోజుకే ముంబయి నుంచి కంప్యూటరు కంపెనీ మనిషిని పిలిపించాడు. అప్పటిదాకా ఆ ఒకటో నంబరు ఉన్నది డబ్బాలో మాత్రమే. డబ్బా పార్థసారథి చేతికి వెళ్తే సెల్లు ఊడదీసి నాలుగు మాటలు మాట్లాడేలోపు అంతా శుభ్రం. నేను ఇవ్వకపోతే దొంగను. దొంగ చెప్పే మాట, తాగుబోతని పేరు పడ్డవాడి అక్క చెప్పే మాట ఎవరు వింటారు?

మర్నాడు నవమి. షెడ్డులో ఆయుధ పూజ. మా పద్మశాలీలు ఎక్కడున్నా ఇది మానరు. పానాలు, కత్తెరలు, నూనె డబ్బాలు, నూలు చుట్టే బాబిన్లు అన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, పీట మీద పేరుస్తారు. అఖండ దీపం పెడతారు. ఒకసారి పూజలో కూర్చున్న పనిముట్టును మర్నాడు కొబ్బరికాయ కొట్టి లేపేదాకా ఎవరూ ముట్టకూడదు. శేఠ్ కూడా భార్యాపిల్లలతో వచ్చి, చెప్పులు విడిచి, నేల మీద కూర్చునేవాడు. ఈ ఒక్కరోజు షెడ్డు మీద అధికారం బాలవ్వది. బాబిన్ల దగ్గర పనిచేసే ముసలామె. మమ్మల్నందరినీ, అవసరమైతే శేఠ్‌నీ కసిరే హక్కు ఉన్న మనిషి.

నేను ముందు పద్నాలుగో మగ్గం దగ్గరికి వెళ్ళాను. నీళ్ళతో కడిగేశారు. ఆ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కనుక తేడా ఏమీ కనిపించలేదు. పక్కన చెక్క మీద నరహరి చిన్న రేడియో ఉంది. వాడికి పాటలు లేకపోతే మగ్గం కూడా నడవదనేవాడు. ఆసుపత్రికి పట్టుకెళ్దామని దాన్ని సంచిలో వేసుకున్నాను.

పూజ దగ్గర పార్థసారథి గుమ్మంలోనే చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను ఆయన పక్కనుంచి, శేఠ్ కుటుంబం ముందునుంచి నడిచి వెళ్ళి, డబ్బా తీసి బాలవ్వ చేతిలో పెట్టాను.

"అవ్వా, గిది నా పనిముట్టు. దీనికి గూడ బొట్టు వెట్టు."

బాలవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "గడుగుదామా?"

"వద్దవ్వా, నీళ్ళు తగలద్దు. బొట్టు చాలు."

తెర పైన పసుపు, దాని మీద కుంకుమ పెట్టి పానాల మధ్య కూర్చోబెట్టింది. శేఠ్ ముచ్చటపడి చేతులు జోడించాడు. నేను వెనక్కి తిరిగి పార్థసారథి ముఖం చూశాను. దొంగతనం కేసుకు దారి మూసుకుపోయింది. డబ్బా అందరి కళ్ళ ముందే ఉంది. ఆయన చాపిన చెయ్యి మెల్లగా జేబులోకి వెళ్ళింది. అప్పుడు నా కడుపు చల్లబడిందని చెప్తే అబద్ధం, అది మొదటి ముద్ద మాత్రమే.

మధ్యాహ్నం హారతి అయ్యాక పులిహోర పంచుతున్నారు. అప్పుడు వినిపించింది. కీక్. కాసేపు ఆగి మళ్ళీ కీక్. ఆకు కింద పెట్టేశాను. సెల్లు అయిపోవస్తున్నాయని డబ్బా చెప్పే తీరు అది. ఆసుపత్రి హడావుడిలో దాన్ని ఆపి పెట్టాలని నాకు తోచలేదు, నిన్నటి నుంచి వెలుగుతూనే ఉంది. ఇక సాయంత్రం దాకా నిలవదు.

నేను పీట వైపు ఒక అడుగు వేశానో లేదో పార్థసారథి అడ్డం వచ్చాడు. ఆయనకూ అర్థమైంది. నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

"పూజలో ఉన్నదాన్ని ముట్టుకోకూడదు కదమ్మా? మీ ఆచారమే. రేపు పొద్దున లేపాక చూద్దాం."

తర్వాత గొంతు పెంచి, శేఠ్‌కు వినబడేలా హిందీలో కూడా అదే అన్నాడు. శేఠ్ తలూపాడు. నేను అల్లిన తాడుతోనే నన్ను కట్టేశాడు. పీట మీద ఉన్న పెద్ద పానా తీసి ఆయన నెత్తిన ఒక్కటి వేయాలనిపించింది. అదీ పూజలోనే ఉంది.

కీక్.

"గదేందే, పిట్ట లెక్క మొత్తుకుంటుంది?" అంది బాలవ్వ.

దేవుడి మీద ఒట్టు, ఆ మాట నేను ఆలోచించి అనలేదు. "ఆకలైతుందవ్వా" అన్నాను.

"ఆకలా? ఏం తింటది?"

"సెల్లు. రేడియోల ఏస్తరు గద, గవి. తినకుంటే రేపటిదాక బతకది."

బాలవ్వ పులిహోర గిన్నె కింద పెట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుని పీట వైపు, నా వైపు, తర్వాత పార్థసారథి వైపు చూసింది. నరహరి చెయ్యి సంగతి ఆమెకు తెలుసు. డబ్బాలో ఏముందో తెలియదు. కానీ ఎవరు దేనికోసం పెనుగులాడుతున్నారో కనిపెట్టడానికి ఆమెకు చదువు అక్కర్లేదు.

"మరి కూసవెట్టి బొట్టు వెట్టి, ఆకలితోని సంపుతరానే? పూజల కూసున్నదానికి నైవేద్యం వెట్టద్దా?"

"అది ముట్టుకోవడమే అవుతుంది" అన్నాడు పార్థసారథి.

"దేవునికి బువ్వ వెట్టేటప్పుడు నోటికాడికి చెయ్యి పోదా సారూ? మీ దిక్కు దూరంకెళ్ళి ఇసురుతరా?"

ఆడవాళ్ళు నవ్వారు. శేఠ్ ఏమిటేమిటని అడిగాడు. మగ్గం నడిపే రాజమల్లు హిందీలో చెప్పాడు, మెషీన్‌కు భోగ్ పెట్టాలంటున్నారు అని. శేఠ్ ఇంట్లో రోజూ ఠాకూర్‌జీకి, అంటే కృష్ణుడికి, భోగ్ పెట్టనిదే ఎవరూ పచ్చి మంచినీళ్ళు ముట్టరు. ఆయన ఏమాత్రం ఆలోచించలేదు. "భోగ్ తో లగానా పడేగా" అన్నాడు, నైవేద్యం పెట్టక తప్పదని.

సెల్లు ఎక్కడివి? షాపుకు పోయి వచ్చేంత సమయం ఉందో లేదో తెలియదు. సంచిలో తమ్ముడి రేడియో ఉంది. దాని వెనక మూత తీసి రెండు సెల్లూ తమలపాకు మీద పెట్టాను. బాలవ్వ వాటి మీద నాలుగు అక్షింతలు వేసింది. నేను చేతులు కడుక్కుని, కొంగుతో తడి లేకుండా తుడుచుకుని పీట ముందు కూర్చున్నాను.

పాతవి తీశాక కొత్తవి పడేదాకా లోపలి ముసలి గుండీ ఒక్కటే దిక్కు. పార్థసారథి నా పక్కనే వంగి నిలబడ్డాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. నా చెయ్యి తడబడితే చాలని ఆ ఊపిరి ఎదురు చూస్తోంది. పాతవి దులిపాను, కొత్తవి నొక్కాను, మూత వేశాను. తెర ఒకసారి నల్లబడి, పసుపు కింద నుంచి మళ్ళీ వెలిగింది. లోపల ఎన్ని పద్దులున్నాయో చూపే అంకె అలాగే ఉంది. ఆ అంకె చూడగానే డబ్బాను ఆపేసి, దండం పెట్టుకున్నాను.

"తిన్నదా?" అంది బాలవ్వ.

"కడుపు నిండ తిన్నదవ్వా."

ఆ రాత్రి దీపం కొండెక్కకుండా ఆడవాళ్ళం వంతులవారీగా పీట చుట్టూ కూర్చున్నాం. పార్థసారథి చాలాసేపు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జోల్వా దోమలు నా పక్షాన పనిచేసి ఆయన్ని ఇంటికి తరిమాయి.

దసరా పొద్దున ముంబయి మనిషి వచ్చాడు. సుహాస్ అని, చిన్నవాడు. కంప్యూటరు బాగుచేసి డబ్బా అడిగాడు. బాలవ్వ కొబ్బరికాయ కొట్టి, డబ్బాను లేపి, నా చేతికిచ్చింది. గూట్లో పెట్టగానే అంకెలు తెర మీద పరుగెత్తాయి. లోపలున్నది ఖాళీ చేయాలా అని కంప్యూటరు అడిగితే వద్దన్నాను. మూడు రోజుల లెక్క ప్రింటరులోంచి కాగితం మీద గీరుకుంటూ బయటికి వచ్చింది.

శేఠ్ కాగితం అందుకోబోయాడు. నేను నాకు వచ్చిన హిందీలో అడ్డుపడ్డాను. పద్నాలుగో మగ్గానిది సారే చదవాలి, అందరూ వినేటట్టు, తెలుగులో. శేఠ్ నన్ను వింతగా చూశాడు గానీ, నరహరి తాగి ఉన్నాడన్న మాట ఆయన చెవిన కూడా పడింది. కాగితం పార్థసారథికి ఇచ్చాడు.

ఆయన చదవక తప్పలేదు. పద్నాలుగో మగ్గం, మరమ్మతుకు ఆగింది, ఆపినవారు నరహరి. తర్వాతి వరుస దగ్గర ఆగాడు.

"సదువుండ్రి సార్" అన్నాను.

"పద్నాలుగు. స్టార్ట్. అనుమతి... ఒకటి."

"ఒకటి ఎవరిది సార్?"

షెడ్డులో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి.

"మనుషులు అబద్ధాలాడుతరు, మిషను ఆడదని మీరే అంటుంటిరి. ఒకటో నంబరు ఎవరిదో మిషన్‌ను అడుగుమంటరా?"

"నాది" అన్నాడు. ఆ చిన్న మాట కోసం నేను రెండు రోజులు బతికాను. పాలిపోయిన ఆ ముఖాన్ని తీరిగ్గా, పండుగ పిండివంట తిన్నట్టు చూశాను.

మధ్యాహ్నానికి శేఠ్ ఆయన్ని పనిలోంచి తీసేశాడు. సాయంత్రానికి కానిస్టేబుల్ మా తమ్ముడి మంచం వదిలి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఆ మధ్యలో, మేమంతా గేటు దగ్గర జమ్మి ఆకులు పంచుకుంటున్నప్పుడు, పార్థసారథి నా ముందుకు వచ్చాడు. ఎవరి దగ్గర అడుక్కున్నాడో, చేతిలో జమ్మి రెబ్బ ఉంది. మా పండుగలు ఒక్కనాడూ పట్టని మనిషి.

"జరిగిందేదో జరిగింది స్వరాజ్యం. పండగ పూట..."

దసరా నాడు జమ్మి బంగారం ఇస్తే పగవాడైనా కాదనకూడదు. కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకోవాలి. నేను చెయ్యి చాపాను. ఆయన రెబ్బ పెట్టాడు. అరచెయ్యి బోర్లించాను. అది నేల మీద పడింది. బాలవ్వ చూసింది.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. కాగితం పోలీసు స్టేషనుకు వెళ్ళింది. అక్కడ చెదలు తిన్నాయో, మనుషులు తిన్నారో గానీ కేసు నడవలేదు. నరహరి బొటనవేలుతో, ఎడమచేత్తో బాబిన్ల దగ్గర పని నేర్చుకున్నాడు. ఏడాది తిరక్కుండా రాజమల్లు కిమ్‌లో ఒక మిల్లుకు మారాడు. ఒకసారి వచ్చినప్పుడు చెప్పాడు.

"మీ సారు గాడనే మేనేజరు అక్కా. గవే డబ్బాలు, గదే రూలు, గదే మాట. మనుషులు అబద్ధమాడుతరట."

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఆ దసరా వెళ్ళగానే శేఠ్ కొత్త డబ్బాలు తెప్పించినప్పుడు, నాకిమ్మని అడిగి తెచ్చుకున్న పాతది ఇంట్లోనే ఉంది. దాన్ని ఎవరూ ఖాళీ చేయలేదు. బియ్యం డబ్బా పక్కన అరలో పెట్టి, ఏ నెలకానెల సెల్లు మారుస్తూ వచ్చాను. కాగితాలు మాయమవుతాయి, ఇది కాదు. ఏదో ఒక రోజు కిమ్ వెళ్ళి, ఆ మిల్లు శేఠ్ ముందు, ఆ పనివాళ్ళ ముందు దీన్ని వెలిగించాలి. మళ్ళీ ఆ నోటితో ఆ ఒకటి చదివించాలి. బజారుకు వెళ్తే ఉప్పు మర్చిపోయేదాన్నేమో గానీ సెల్లు మర్చిపోలేదు.

తొంభై తొమ్మిది దసరాకు బయల్దేరాను. కిమ్ మిల్లులో పూజ ఉంది, అందరూ గేటు దగ్గర జమ్మి పంచుకుంటారని రాజమల్లు చెప్పాడు. కొత్త చీర కట్టుకుని అరలోంచి డబ్బా తీశాను. మీట నొక్కాను. వెలగలేదు. మూత తీస్తే లోపల ఖాళీ. సంచిలోంచి కొత్త సెల్లు తీసి వేశాను. తెర వెలిగి, ఈ రోజు తేదీ ఎంత, టైము ఎంత అని అడిగింది. అప్పుడే పుట్టినట్టు.

బయట గుమ్మంలో రేడియో పాడుతోంది. నరహరి చీపురు పుల్లతో దాని దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు.

"సెల్లు నువ్వు దీసినవా?"

"ఆ. మొన్న పౌర్ణమికి దీసిన."

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. వీధిలో ఆవులు కూడా తలెత్తి చూశాయి. రెండేళ్ళు కాపాడుకున్నానురా, వాడి ఉరితాడురా అది, పాటల కోసం తెంపేశావురా అన్నాను. వాడు రేడియో గొంతు తగ్గించి, నేను అలిసిపోయేదాకా విన్నాడు.

"అవి నా రేడియోల సెల్లు అక్కా. ఆ పూజ దినాన దీసినవ్. మళ్ళ ఏసినవా?"

వెయ్యలేదు. ఆసుపత్రికి రేడియో ఖాళీగా తీసుకెళ్ళాను. ఆ తర్వాత కొన్న ప్రతి జతా అరలోకే పోయింది.

"రెండేండ్లు నా రేడియో మూగగ కూసుంది. ఆ సారుకేమో నెలనెలా నైవేద్యం వెడితివి. మన ఇంట్ల పెట్టుకొని సాకినట్టె గద."

"అది లేకుంటె ఎవడు నమ్ముతడు తమ్మీ? ఏం జూపియ్యాలె వాళ్ళకు?"

వాడు కుడిచెయ్యి ఎత్తాడు. బొటనవేలు ఒక్కటి నిలబడి ఉంది, మిగిలిన చోట ముడతలు పడ్డ చర్మం. ఇంట్లో ఆ చేతికి రోజూ అన్నం అందిస్తాను గానీ, అంత సూటిగా ఎన్నాళ్ళయింది చూసి?

"దీనికి సెల్లు అక్కెర లేదు. నన్నెందుకు తోల్కపోవైతివి? మిషను మాటనే మాట, నాది గాదా?" అన్నాడు. కోపంగా కాదు. అదే నన్ను ఎక్కువ కొట్టింది. "పా, నేనొస్త."

ఉధ్నాలో రైలెక్కి కిమ్‌లో దిగాం. మిల్లుకు నడిచే దారిలో వాడు పట్టాల పక్క జమ్మి చెట్టు నుంచి ఒక రెబ్బ తుంచి జేబులో వేసుకున్నాడు. మిల్లు గేటు దగ్గర చాలామంది ఉన్నారు, సగం మంది మన భాషే. పార్థసారథి తెల్ల చొక్కాలో, నుదుట బొట్టుతో మధ్యలో నిలబడి జమ్మి అందుకుంటున్నాడు. ఇప్పుడు పండుగలు చేసుకోవడం నేర్చాడు. నన్ను చూసి నవ్వు ఆగిపోయింది. నా చేతుల వైపు చూశాడు, డబ్బా కోసం. ఖాళీగా ఉన్నాయి. ఆయన భుజాలు వదులయ్యాయి.

అప్పుడు నరహరి ముందుకు వెళ్ళాడు. జమ్మి రెబ్బను బొటనవేలికీ మోడుకీ మధ్య ఇరికించి, ఆ కుడిచేతినే ఆయన ఛాతీ దాకా చాపాడు.

"దసరా శనార్తులు సారూ. బంగారం దీస్కోండ్రి."

పార్థసారథి చెయ్యి సగం లేచి గాలిలో ఆగింది. జమ్మిని తీసుకోవాలంటే ఆ మోడును తాకాలి. తీసుకోకపోతే పండుగ నాడు అందరి ముందు కాదన్నట్టు. నరహరి చెయ్యి దించలేదు. ఎంత సేపైనా దించేలా లేడు.

గుంపులోంచి ఒక ముసలాయన దగ్గరికొచ్చి అడిగాడు. "అయ్యో, ఏమైంది బిడ్డా, చెయ్యికి?"

"సారును అడుగుండ్రి" అన్నాడు నరహరి. "నేనైతె తాగి ఉన్ననట."

అందరూ పార్థసారథి వైపు తిరిగారు. మేము జవాబు కోసం అక్కడే నిలబడ్డాం.